నేమోర్‌ను ఏ సంపుటంతో మొదలుపెట్టాలి?

కామిక్స్ పాత్ర, సముద్రగర్భ రాజకుమారుడు నేమోర్ (మారుపేరు 'సబ్-మెరైనర్') తొలినాటి కథలను మార్వెల్ పాత కామిక్స్‌ను తిరిగి ముద్రించే 'మార్వెల్ మాస్టర్‌వర్క్స్ గోల్డెన్ ఏజ్' వరుసలో రెండు చోట్ల చదవవచ్చు. ఒకటి 'మార్వెల్ కామిక్స్' మొదటి సంపుటం, రెండోది 'సబ్-మెరైనర్' మొదటి సంపుటం. పేరు చూసి చాలామంది రెండోదే కొంటారు. నా ఓటు మాత్రం మొదటిదానికే.

1939లో బిల్ ఎవరెట్ సృష్టించిన నేమోర్ అసలు కోపం అందులోనే ఉంది. అతని తండ్రి అమెరికన్ నావికుడు, తల్లి సముద్రజాతి రాకుమారి ఫెన్. తండ్రి ఓడ వల్ల అంటార్కిటికా మంచు కింద తల్లి జాతి దాదాపు నాశనమైంది. ఆ పగతోనే అతను మనుషుల మీదికి వస్తాడు, అమాయకులను కూడా చంపుతాడు. అతన్ని మంచివాడిగా చూపించాలనే తొందర ఎవరెట్‌కు లేదు. పోలీసు ఉద్యోగిని బెట్టీ డీన్ పరిచయమయ్యాకే ఆ కోపానికి మరో దారి దొరుకుతుంది. అయితే ఈ సంపుటంలో హ్యూమన్ టార్చ్, ఏంజెల్ వంటి ఇతర కామిక్స్ వీరుల కథలూ ఉంటాయి; నేమోర్ వంతు కొన్ని పేజీలే. టార్చ్‌తో అతని ప్రసిద్ధ పోరాటం ఇందులో లేదు. పైగా అది 'మార్వెల్ కామిక్స్' రెండో, మూడో సంపుటాల మధ్య విడిపోయింది, అదే బాధ.

'సబ్-మెరైనర్' సంపుటంలో 1941లో మొదలైన అతని సొంత పత్రిక తొలి నాలుగు సంచికలున్నాయి. కథలు పొడవైనవి, నీటి అడుగు దృశ్యాలు కన్నులపండువ. కానీ శత్రువులు నాజీలయ్యాక నేమోర్ న్యాయం పక్షాన స్థిరపడతాడు. అతని మనసులోని రెండు జాతుల పోరు పలచబడుతుంది. యుద్ధకాలపు సాహసాలే కావాలనుకునేవారికి ఇది చక్కగా సరిపోతుంది.