పాత నూలు చీర, లుంగీ, దుప్పటి: రాత్రి దుస్తులకు ఏది మేలు?

నైటీకి పాత నూలు చీర, పైజామాకు పాత లుంగీ. దుప్పటిది మూడో స్థానం. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. బీరువా తెరవగానే పెద్దగా, పూలపూలగా కనిపించే దుప్పటిని ముందు కత్తిరిస్తారు. చీరను స్టీలు సామాన్ల వాళ్లకు వేస్తారు, లుంగీని మసిగుడ్డ చేస్తారు. పొయ్యి గట్టు మీద అలాంటి లుంగీ ముక్క కనిపించినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు చీర సంగతి. మంగళగిరిదైనా, వెంకటగిరిదైనా, ఏళ్ల తరబడి కట్టి ఉతికిన నూలు చీరకు వచ్చే మెత్తదనం కొత్త బట్టలో దొరకదు. గంజి పూర్తిగా పోయి, దారం విచ్చుకుని, చెమటను ఇట్టే పీల్చుకుంటుంది, పలచన కాబట్టి అంతే త్వరగా ఆరుతుంది. మే నెలలో విజయవాడలో కరెంటు పోయిన రాత్రి ఆ తేడా ఒంటికే తెలుస్తుంది. చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, పన్నా, అంటే వెడల్పు, 45 అంగుళాలకు అటూ ఇటూ. పాదాల దాకా వచ్చే నైటీకి 3 మీటర్లు చాలు. అదీ ఒకేచోట ఉండనక్కరలేదు, ఒకటిన్నర మీటర్ల ముక్కలు రెండు దొరికితే సరి. అంటే దాదాపు సగం చీర పాడైనా ఒక నైటీ వస్తుంది.

ఆ రెండు మంచి ముక్కలను వెతికి పట్టుకోవడంలోనే అసలు పనంతా ఉంది. నేను మొదటిసారి కుట్టిన నైటీ వారం తిరక్కుండానే వీపు మీద నిలువునా చిరిగింది. అమ్మ ఇష్టంగా కట్టుకున్న ఆకుపచ్చ మంగళగిరి చీర అది. గంజి పెట్టి, మడతపెట్టి, ఏళ్ల పాటు బీరువాలో దాచాం. మిగతా బట్టంతా గట్టిగానే ఉంది, మడత గీత వెంట మాత్రం పేలిపోయింది. అలాంటి చీర మళ్లీ తేలేనని తెలిసి ఆ రోజు ఏడ్చాను.

అప్పటి నుంచి కత్తెర పట్టే ముందు చీరను కిటికీకి అడ్డంగా పట్టి చూస్తున్నాను. కూర్చునే చోట బట్ట పలచబడి వెలుతురు ఎక్కువగా వస్తుంది. భుజం దగ్గర పిన్ను చిల్లులుంటాయి. నేలకు రాసుకున్న అంచు పోగులు లేచి ఉంటుంది. ఇవన్నీ సుద్దముక్కతో గుర్తుపెట్టుకుంటాను. తర్వాత మడత గీతల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పడుగు (నిలువు పోగుల) వైపు ఒకసారి, పేక (అడ్డం పోగుల) వైపు ఒకసారి గట్టిగా లాగుతాను. పోగు తెగిన చప్పుడు వినిపిస్తే ఆ భాగాన్ని పక్కన పెట్టేస్తాను. మనసు ఒప్పుకోకపోయినా సరే.

చీరను పొడవు వెంట కత్తిరించాలా, అడ్డంగానా? పొడవు వెంట కత్తిరిస్తే పడుగు పోగులు భుజం నుంచి పాదాల దాకా నిలువుగా దిగుతాయి. దర్జీలు మామూలుగా చెప్పే పద్ధతి ఇదే, బట్ట చక్కగా జారుతుంది. అడ్డంగా కత్తిరిస్తే చీర అంచు పాదాల చుట్టూ వస్తుంది, కింద మడిచి కుట్టే పని కూడా ఉండదు. కానీ పన్నా 45 అంగుళాలే కాబట్టి 54 అంగుళాల నైటీకి పైన 10 అంగుళాల యోక్ (భుజాల మీదుగా ఛాతీ దాకా వచ్చే పై ముక్క) వేరుగా వేసి, కింది భాగాన్ని కుచ్చులు పెట్టి దానికి కలపాలి. పని ఎక్కువైనా నేను అడ్డంగానే కత్తిరిస్తాను. పాత బట్ట ముందుగా చిరిగేది భుజాల దగ్గర, చంకల దగ్గర. యోక్‌ను రెండు పొరలుగా వేస్తే లాగుడంతా దాని మీద పడుతుంది, కింది బట్ట కుచ్చులతో వదులుగా వేలాడుతుంది. అంచుకు జరీ ఉంటే మెడ దగ్గరకు రానివ్వకండి, నిద్రలో గుచ్చుకుంటుంది.

చీరకున్న లోపం పలచదనం. మన ఇళ్లలో నైటీ రాత్రితో ఆగదు. తెల్లవారగానే పాలవాడు వస్తాడు, కూరగాయల బండి వస్తుంది. అలా పగలు కూడా వేసుకునేవారు లోపల ఒక పొర వేసుకోవాలి. దానికి పాత తెల్ల పంచెను మించింది లేదు. మోకాళ్ల దాకా వేస్తే చాలు. ఒట్టి నిద్రకే అయితే ఆ పొర వద్దు, చీర ఇచ్చే చల్లదనం పోతుంది.

ఇక లుంగీ. 2 మీటర్ల గళ్ల లుంగీకి రెండు కొసలు కలిపిన మూతి కుట్టు విప్పితే ఒక పైజామాకు సరిగ్గా సరిపోతుంది. సగానికి కత్తిరిస్తే 39 అంగుళాల ముక్కలు రెండు, కాలికి ఒకటి. బొందు దూర్చే నడుము పట్టీని పక్కన మిగిలిన బట్టతో వేరుగా వేస్తే పొడవు తగ్గదు. నేర్చుకునేవారికి లుంగీ మంచి గురువు. గళ్ల గీత వెంటే కత్తెర నడిపితే వంకర పోదు. నేతలోనే వచ్చిన గళ్లు కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటాయి, తిరగామరగా కుట్టేస్తామనే భయం లేదు. కాళ్లు కలిసే చోట నలుచదరపు ముక్క ఒకటి తప్పకుండా వేయండి. అది లేకపోతే బాసింపట్టు వేసుకుని కూర్చున్న మొదటి రోజే కుట్టు దగ్గర బట్ట విడిపోతుంది.

దుప్పటికి ఒక్క గొప్పతనం ఉంది. డబుల్ కాట్ దుప్పటి 90 అంగుళాల వెడల్పు ఉంటుంది, ఎంత పొడవు మనిషికైనా అతుకు లేకుండా నైటీ వస్తుంది, లోపల పొర అక్కరలేదు. చలికాలంలో పిల్లల పైజామాలకు బాగుంటుంది. పడుకునే నడిమి భాగం వదిలేసి పక్కల నుంచి కత్తిరించాలి. కానీ నూలు అని కొన్నవాటిలోనూ పాలియెస్టర్ కలిసినవి ఉంటాయి. బట్ట మీద చిన్న చిన్న ఉండలు కట్టి, ఎంత దులిపినా పోకపోతే అనుమానించండి. ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అలాంటి దుప్పటితో, జార్జెట్, నైలాన్ చీరలతో రాత్రి దుస్తులు కుట్టవద్దు. చెమట సరిగా పీల్చవు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. పొద్దున్నే అదే నైటీతో పొయ్యి వెలిగిస్తాం కదా. నూలుదైనా సరే, చేతులు వేలాడేలా కుట్టకండి.

ఏ బట్టకైనా సన్నటి సూది, 11 నంబరుది, వాడాలి. కుట్టు మరీ చిన్నది పెడితే సూది రంధ్రాలన్నీ కలిసి గీతలా చిరుగుతుంది. పాలియెస్టర్ దారం బలంగా ఉండి పాత బట్టనే కోసేస్తుంది, నూలు దారమే నయం.

వెలుతురుకు పట్టినప్పుడు పక్కన పెట్టిన పలచటి భాగం ఉంటుందే, పసిపిల్లలకు కావలసింది అదే. చిరిగిన ఆ ఆకుపచ్చ చీరలో మిగిలిన ముక్కలు మా అక్క కూతురికి పొత్తిళ్లయ్యాయి.