క్రిస్మస్ రోజు రేడియో ముల్లు ఎక్కడ పెట్టాలి: హోమ్ సర్వీసా, లైట్ ప్రోగ్రామా?

పాత రేడియో అంటే ప్రాణం పెట్టేవాళ్లం నలుగురం కలిస్తే చాలు, ఈ ప్రశ్న రాకుండా ఉండదు. హోమ్ సర్వీసు, లైట్ ప్రోగ్రామ్ అంటే అప్పటి బీబీసీ రేడియో స్టేషన్లు: మొదటిది వార్తలు, నాటకాలకు, రెండోది పాటలు, హాస్యానికి. బీబీసీ పాత కార్యక్రమాల పట్టికలు ఇప్పుడు నెట్‌లోనే దొరుకుతున్నాయి. 1952 డిసెంబర్ 25 పేజీ తీసి, "మీరే ఆ రోజు అక్కడ ఉంటే ఏది పెట్టుకునేవారు?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

1952నే ఎందుకు తీస్తారో తెలిసిందే. ఆ ఫిబ్రవరిలో బ్రిటన్ రాజు ఆరో జార్జి చనిపోయారు. అంతకుముందు క్రిస్మస్‌కు, ఊపిరితిత్తి ఆపరేషన్ అయ్యి గొంతు బొంగురుపోయి, ఓపిక ఉన్నప్పుడల్లా కొంచెం కొంచెంగా రికార్డు చేసిన క్రిస్మస్ రేడియో సందేశమే ఆయన చివరిది. ఈసారి మధ్యాహ్నం మూడు దాటాక శాండ్రింగ్‌హామ్ నుంచి, తండ్రీ తాతా కూర్చున్న బల్ల దగ్గరే కూర్చుని, ఇరవయ్యారేళ్ల కూతురు, కొత్త రాణి ఎలిజబెత్, లైవ్‌లో మాట్లాడింది. వచ్చే జూన్‌లో పట్టాభిషేకం రోజున తన కోసం ప్రార్థించమని అడిగింది. ఆ ప్రసంగం హోమ్‌లోనూ వచ్చింది, లైట్‌లోనూ వచ్చింది. కాబట్టి దాన్ని ఎవరి ఖాతాలోనూ వేయలేం. మిగతా రోజంతా ఏది వింటామన్నదే లెక్క.

చాలామంది కార్యక్రమాల నాణ్యత చూసి తీర్పు చెబుతారు. అలా చూస్తే హోమ్ సర్వీసుకే మొగ్గు. చర్చి ఆరాధన, నాటకాలు, రాత్రి తొమ్మిదింటి వార్తలు, పిల్లలకు సాయంత్రం ఐదింటి చిల్డ్రన్స్ అవర్, అన్నీ శ్రద్ధగా చేసినవే. పైగా ఉత్తరాదికి, స్కాట్లాండ్‌కు, వేల్స్‌కు ఎవరి ప్రాంతీయ ప్రసారం వాళ్లకు ఉండేది. తమ యాస తమ రేడియోలో వినబడటం చిన్న సంగతేమీ కాదు.

నేను మాత్రం ఇంకో చోట నుంచి చూస్తాను. పండగపూట అప్పటి బ్రిటన్‌లో ఒక ఇంట్లో వంట చేస్తున్న మనిషికి ఏది వినబడుతుంది?

ఆ ఏడు టీపొడికి అక్టోబర్‌లోనే రేషన్ ఎత్తేశారు. చక్కెర, వెన్న, మాంసం ఇంకా కూపన్ల మీదే. ఒక్క పుడ్డింగు కోసం ఆవిడ వారాల తరబడి చక్కెర దాచి ఉంటుంది. ఆ రోజు పొద్దున్నుంచీ పొయ్యి ముందే ఉంటుంది. రేడియో చూస్తే ముందుగదిలో. చాలా ఇళ్లలో సెట్టు ఒక్కటే, అదీ వాల్వులు వేడెక్కి అర నిమిషానికి గానీ పలకనిది. చేత్తో పట్టుకుని వంటింట్లోకి తెచ్చుకునే ట్రాన్సిస్టర్‌కు ఇంకా కొన్నేళ్లు ఆగాలి. కొన్ని సెట్ల వెనక ఇంకో స్పీకర్‌కు రెండు రంధ్రాలు ఉండేవి. అక్కడ వైరు తగిలించి, గోడ వెంట లాక్కొచ్చి, వంటింటి అరలో చిన్న స్పీకర్ పెట్టేవారు. శబ్దం వంటింట్లోకి వచ్చేది గానీ, ముల్లు తిప్పడం మాత్రం ముందుగదిలో ఉన్నవాళ్ల చేతిలోనే.

ఇప్పుడు నాటకం పెట్టారనుకోండి. గ్రేవీ అడుగంటుతోందని ఆవిడ రెండు నిమిషాలు అటు తిరిగితే ఎవరు ఎవరిని ఎందుకు తిట్టారో తెలీదు. చెప్పే నాథుడూ ఉండడు. అదే లైట్‌లో డాన్స్ బ్యాండో, హాస్య కార్యక్రమమో వస్తుంటే ఒక మాట పోయినా తర్వాతి మాటకు నవ్వొస్తుంది, పాట సగంలో అందుకున్నా పాటే.

ఇది కాకతాళీయం కాదు. 1945 జూలైలో మొదలైనప్పటి నుంచీ లైట్ ప్రోగ్రామ్ పని చేసుకునే చెవిని దృష్టిలో పెట్టుకునే పెరిగింది. పొద్దున హౌస్‌వైవ్స్ చాయిస్‌లో గృహిణులు కార్డు ముక్క మీద రాసి అడిగిన పాటలు వేసేవారు. 1946లో ఉమెన్స్ అవర్ వచ్చింది. 1948లో మొదలైన మిసెస్ డేల్స్ డైరీ అనే సీరియల్ మధ్యాహ్నం తప్పిపోతే మర్నాడు పొద్దున మళ్లీ వేసేవారు. పని మధ్యలో వినడం తప్పిపోతుందని ముందే తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు అది. ఆ అలవాటున్న స్టేషనే పండగ రోజూ ఆవిడకు తోడుంటుంది.

నాకీ పట్టింపు మా అమ్మను చూసి వచ్చింది. ఉగాదికి విజయవాడ కేంద్రం కవి సమ్మేళనం వేస్తే, బొబ్బట్ల పిండి చేతులతోనే గుమ్మం దాకా వచ్చి నిలబడేది. పద్యం సగంలో పెనం మాడు వాసన వచ్చేది. మిగతా సగం ఆమెకు ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

మిగతావి క్లుప్తంగా. బీబీసీ మూడో స్టేషన్ థర్డ్ ప్రోగ్రామ్ సాయంత్రం గానీ తెరవదు; సంగీతం గొప్పదే, కానీ ఇంటిల్లిపాదికీ కాదు. విదేశం నుంచి వచ్చే రేడియో లక్సెంబర్గ్ రాత్రిపూట తేలుతూ మునుగుతూ వస్తుంది, వదిలేయండి. టెలివిజన్ కొన్నవాళ్లు అప్పటికి తక్కువే. పైగా గది కాస్త చీకటి చేసుకుని ఎదురుగా కూర్చోవాలి, వంట చేసే మనిషికి అసలే కుదరదు. రాణి మాటకు బొమ్మ తోడైంది 1957లోనే.

కాబట్టి నేనైతే పొద్దున్నుంచి మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా ముల్లు లైట్ మీదే, 1500 మీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, ఉంచుతాను. మూడింటికి ఎలాగూ అందరూ ఒకచోట చేరతారు. చాలా ఇళ్లలో జాతీయగీతం రాగానే లేచి నిలబడేవారు, ఆవిడా ఏప్రన్‌తోనే వచ్చి నిలబడుతుంది. తర్వాత గిన్నెలు మిగతావాళ్లు కడగాలి. ఐదింటికి ముల్లు హోమ్ మీదికి తిప్పి, పిల్లల పక్కన ఆవిడకు కుర్చీ వేయాలి.