షేర్‌ఎక్స్ వాడేవాళ్ళు ముందు ఆ ఒక్క టిక్ తీసేయండి

హైటెక్ సిటీలో సపోర్ట్ ఉద్యోగం నాది, పొద్దున లాగిన్ అయిన దగ్గర్నుంచి ఎర్రర్ల స్క్రీన్‌షాట్లు ఎవరికో ఒకరికి పంపుతూనే ఉంటాను. మొన్నటిదాకా ప్రింట్ స్క్రీన్ కొట్టడం, పెయింట్‌లో పేస్ట్ చేయడం, సేవ్ చేసి మెయిల్‌కి తగిలించడం. అలా ఒకరోజు క్లయింట్‌కి పంపిన బొమ్మలో కింద మూలన మా అక్క వాట్సాప్ మెసేజ్ కూడా వెళ్ళిపోయింది: "ఆదివారం పెళ్లిచూపులు, గడ్డం గీసుకుని రా". అవతల తెలుగు చదవడం వచ్చినవాడు ఉంటాడని నేనేం కలగన్నానా, తర్వాతి కాల్‌లో ఆల్ ది బెస్ట్ చెప్పాడు.

ఆ దెబ్బతో స్క్రీన్‌షాట్లు తీసే షేర్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కి మారాను. ఉచితం, ఓపెన్ సోర్స్, యాడ్స్ లేవు, కాకపోతే విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. కంట్రోల్, ప్రింట్ స్క్రీన్ కలిపి కొట్టి కావలసిన ముక్క వరకే మౌస్‌తో గీసుకోవచ్చు, అక్కడికక్కడే బాణం గుర్తులూ అంకెలూ పెట్టుకోవచ్చు, తర్వాత చాట్‌లో కంట్రోల్ వి. అంతే, పది సెకన్ల పని.

అసలు టెన్షన్ ఈ స్పీడుతోనే. "ఆఫ్టర్ క్యాప్చర్ టాస్క్స్"లో అప్‌లోడ్ అనే టిక్ ఉంటే మీరు తీసిన బొమ్మ నేరుగా ఇమ్‌గుర్ లాంటి సైటుకి ఎక్కిపోతుంది, లింకు దొరికిన ఎవరైనా చూడొచ్చు. పేస్లిప్ అయినా అంతే, ఆధార్ అయినా అంతే. ఇన్‌స్టాల్ చేయగానే ముందు ఆ టిక్ తీసేయండి, లింకే కావాలంటే అప్పుడు చేత్తో అప్‌లోడ్ చేసుకోవచ్చు. తీసిన ప్రతి బొమ్మా డాక్యుమెంట్స్‌లో నెలవారీ ఫోల్డర్లలో కూడా పడి ఉంటుంది, ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్ అయితే అదీ ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, అకౌంట్ నంబర్ మీద బ్లరో గళ్ళో కొట్టి ఊరుకోకండి. గళ్ళుగళ్ళుగా చేసిన అక్షరాల్ని తిరిగి రాబట్టే అన్‌రిడాక్టర్ అనే టూల్ 2022లోనే వచ్చింది. నల్లటి డబ్బా పూర్తిగా నింపేయండి, చూడ్డానికి బాగోకపోయినా సరే. క్రాప్ చేశాం కదా అని ధీమా కూడా వద్దు: విండోస్ సొంత స్నిప్పింగ్ టూల్‌లో క్రాప్ చేసి అదే ఫైలు మీద సేవ్ చేస్తే కత్తిరించిన భాగం ఫైల్లోనే మిగిలిపోతోందని 2023లో బయటపడింది. మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే సరిచేసింది, కానీ అంతకుముందు పంపినవి ఎక్కడున్నాయో ఎవరు వెతుకుతారు?

తిట్టాల్సింది మెనూల్ని. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల కుప్పలా ఉంటాయి, కావలసింది అందులోనే ఉంటుంది కానీ చేతికి దొరకదు. నాకు అలవాటు కావడానికి వారం పట్టింది.

అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్న కంప్యూటర్‌లో ఇది పెట్టలేదు. కరెంటు బిల్లు కట్టిన రసీదు ఇంటి ఓనర్‌కి పంపడానికి ఆయనకి స్నిప్పింగ్ టూల్ తెరిచే విండోస్, షిఫ్ట్, ఎస్, ఈ మూడు కీలు చాలు. వాటి మీద తెల్ల స్టిక్కర్లు అంటించి 1, 2, 3 అని రాసుకున్నారు కూడా.