ఆవు పొదుగువాపుకు చుక్కల మందు, పచ్చి పేడకు కొమ్ము ఎరువు పేరు: ఆయన దగ్గర కొనకండి

పేరు రాయనవసరం లేదు. అమావాస్యకూ పౌర్ణమికీ తప్పకుండా మన ఫోన్లకు చంద్రుడి బొమ్మ పంపి, దాని కింద తన ఎరువుల, హోమియో మందుల ధరల పట్టిక పెట్టే ఆయనే. మీలో చాలామంది కొన్నారు. నేనూ కొన్నాను. నా ఆవుకు ఒక చన్ను పోయింది.

నాకు నాలుగెకరాల నిమ్మతోట, రెండు ఆవులు ఉన్నాయి. తోటకు కొమ్ము ఎరువు వంద గ్రాములు అడిగాను. ఆవు కొమ్ములో పేడ నింపి, భూమిలో పాతి మగ్గబెట్టే ఎరువది, బయోడైనమిక్ సాగులో బీడీ 500 అంటారు. దానితోపాటు పశువులకని నాలుగు హోమియో సీసాలు అంటగట్టారు. మొత్తం 2,350 రూపాయలు, ముందే పంపాలన్నారు. పంపాను.

సోమవారం సాయంత్రం పాలు పిండుతుంటే గౌరి కాలు విదిల్చింది. వెనుక కుడి చన్ను కాలిపోతోంది. మొదటి ధారలోనే విరిగిన పాలలా తెల్లటి పలుకులు పడ్డాయి. ముప్పై ఏళ్లుగా పాడి చేస్తున్నవాడిని, పొదుగువాపు అని తెలియక కాదు. పశువైద్యశాల ఆరు కిలోమీటర్లు, సీసాలేమో అటక మీదే ఉన్నాయి. ఆయనకు ఫోను చేశాను. ఆ సీసాల్లోని ఫైటోలక్క 200 అనే మందు, మూడు గంటలకొకసారి పది చుక్కలు బెల్లం ముక్క మీద వేసి తినిపించమన్నారు. "మధ్యలో ఇంజెక్షన్ వేయిస్తే మాత్రం నా బాధ్యత కాదు" అని కూడా అన్నారు. మంగళవారానికి పొదుగు ఆ వైపు రాయిలా అయింది. "మందు పని మొదలుపెట్టిందండీ, ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది" అన్నారు. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి మరీ చుక్కలు వేశాను. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

బుధవారం తెల్లవారేసరికి గౌరి మేత ముట్టలేదు. చన్ను పిండితే ఎర్రటి నీళ్లు వచ్చాయి. మళ్లీ ఫోను చేశాను. ఆయన అడిగిన ప్రశ్నలు చూడండి.

"ఇంట్లో కాఫీ తాగుతారా?"

తాగుతాం అన్నాను.

"కర్పూరం వెలిగిస్తారా?"

కార్తీక మాసం కదండీ, రోజూ వెలిగిస్తాం అన్నాను.

"అదీ సంగతి! మందు గుణమంతా మీరే చెడగొట్టుకుని నన్ను అడుగుతారేమిటి? ముందు మీ ఆడవాళ్లకు చెప్పుకోండి." ఫోను పెట్టేశారు.

స్పీకరులో అంతా వినబడింది. నా భార్య చేతిలోని తవుడు బకెట్టు కింద పెట్టి, నా ఫోను తీసుకుని పశువైద్య సేవల నంబరు 1962కు చేసింది. ఆ పని సోమవారమే నేను చేయవలసింది.

200 పొటెన్సీ అంటే నూటికి ఒక వంతు చొప్పున 200 సార్లు పలచన చేయడం. పన్నెండో సారి దాటాక అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగలడం కష్టమే. అలాంటి మందును మా పూజగదిలోని కర్పూరం బిళ్ళ ఓడించిందట!

వచ్చిన పశువైద్యుడు చెడిన పాలన్నీ పిండేసి, చన్నులోకి ట్యూబు మందు ఎక్కించి, సూది వేశారు. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగితే నిన్న సాయంత్రం నుంచి అని అబద్ధం చెప్పాను. సీసాల మాట ఎత్తలేకపోయాను. ఆయన పొదుగును మళ్లీ తడిమి చూసి, నా ముఖం కేసి చూసి, ఏమీ అనలేదు. ఆ చన్ను మీద ఆశ వదులుకోమన్నారు. తొమ్మిది లీటర్ల ఆవు ఇప్పుడు నాలుగు ఇస్తోంది. మందు ప్రభావం పోయేవరకు ఆ నాలుగూ పాల కేంద్రంలో పోయకూడదు, పారబోస్తున్నాం.

ఆ కోపంలోనే కొమ్ము ఎరువు డబ్బా విప్పాను. మంచి కొమ్ము ఎరువు నల్లగా, మెత్తగా ఉంటుంది, తడిసిన మట్టి వాసన వేస్తుంది. ఇది ఆకుపచ్చగా ఉంది. వేళ్ల మధ్య నలిపితే అరగని గడ్డిపోచ తగిలింది. వాసన అచ్చం మా కొట్టం వాసనే. "ఈ దసరాకు తీసిన తాజా సరుకు" అని ఆయన అన్నప్పుడే నేను ఆగవలసింది. కొమ్ముల్లో పేడ నింపి పాతిపెట్టేదే ఆ రోజుల్లో. చలికాలమంతా భూమిలో ఉంచి ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీస్తారు. ఒకప్పుడు నా చేతులతో పాతిపెట్టినవాడిని, ఈ లెక్క తెలిసీ డబ్బు పంపాను. ఎకరానికి 25 గ్రాములు నీళ్లలో వేసి, గంటసేపు సుడి తిరిగేలా కలిపి చల్లాలి. పచ్చి పేడను గంటసేపు భక్తిగా తిప్పేవాడిని! మా కొట్టంలో ఊరికే దొరికేదానికి కొరియరు ఖర్చు కూడా నేనే పెట్టుకున్నాను.

డబ్బు వెనక్కి అడిగితే మూడు రోజులుగా ఉలుకూ పలుకూ లేదు. ధరల పట్టిక మాత్రం నిన్న కూడా వచ్చింది, పశువుల సీసాల ధర పెంచారు.

అన్నట్టు, కొమ్ము ఎరువు ఎవరి దగ్గర కొన్నా ఏ నెలలో పాతారు, ఏ నెలలో తీశారు అని అడగండి, పేడ వాసన వస్తే తిప్పి పంపండి. పాలలో పలుకులు కనబడితే ఆ పూటే 1962కు ఫోను చేయండి. ఆయన పంపిన సీసాలు ఇంకా అటక మీద ఉంటే అక్కడే ఉండనివ్వండి.