ప్రొపేనా, ఆయిలా, హీట్ పంపా: గ్యాస్ లైన్ లేని ఇంటికి ఏది మేలు?

బోస్టన్ చుట్టుపక్కల గానీ, న్యూ హాంప్‌షైర్‌లో గానీ ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు ముందు స్కూళ్లు చూస్తారు, తర్వాత ఆఫీసుకు ఎంత దూరమో చూస్తారు, ఆ తర్వాత గుమ్మం ఏ దిక్కుకు ఉందో చూస్తారు. లిస్టింగులో అడుగున ఎక్కడో "హీటింగ్: ప్రొపేన్" అనో "హీటింగ్: ఆయిల్" అనో ఒక ముక్క ఉంటుంది. దాని మీద పెద్దగా ఎవరి కన్నూ పడదు. నన్నడిగితే ప్రాపర్టీ ట్యాక్స్ గురించి ఎన్ని ప్రశ్నలు వేస్తారో దీని గురించీ అన్ని వేయాలి. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏటా వేల డాలర్లు పోయేది ఇక్కడే.

వీధిలో నేచురల్ గ్యాస్ పైపు ఉంటే అసలు ఈ చర్చే అక్కర్లేదు. చాలా చోట్ల అదే చవక, కనెక్షన్ తీసుకోండి. పైపు లేని ఇళ్ల సంగతే, అంటే ట్యాంకులో నింపించుకునే ప్రొపేన్ గ్యాస్ గానీ ఆయిల్ గానీ, లేదంటే కరెంటుతో నడిచే హీట్ పంపు గానీ, ఇక్కడ చెప్తున్నాను.

ఎక్కువమంది పొరబడేది గ్యాలన్ ధర దగ్గర. ప్రొపేన్ గ్యాలన్ 3 డాలర్లు, ఆయిల్ 3.75 డాలర్లు అనగానే ప్రొపేన్ చవక అనుకుంటారు. కానీ రెండు గ్యాలన్లూ ఇచ్చే వేడి ఒకటి కాదు. గ్యాలన్ హీటింగ్ ఆయిల్‌లో సుమారు 1,38,500 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది, గ్యాలన్ ప్రొపేన్‌లో 91,500 మాత్రమే. అంటే ఒక గ్యాలన్ ఆయిల్ పని చేయడానికి ఒకటిన్నర గ్యాలన్ల ప్రొపేన్ కావాలి. కరెంటు యూనిట్‌కు 3,412 బీటీయూలు. ఇక యంత్రం ఎంత వేడిని ఇంట్లోకి పంపుతుంది, ఎంత పొగగొట్టంలోంచి బయటికి వదిలేస్తుంది అన్నది కూడా లెక్కలోకి రావాలి. కొత్త ప్రొపేన్ ఫర్నేస్ (గాలిని వేడి చేసి ఇంట్లోకి ఊదేది) 95 శాతం దాకా ఇస్తుంది, మంచి ఆయిల్ బాయిలర్ (నీళ్లను వేడి చేసి ఇల్లంతా తిప్పేది) 85 శాతం. హీట్ పంపు అంటే తిరగేసి నడిచే ఏసీ లాంటిది. అది వేడిని తయారు చేయదు, బయటి గాలిలో ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. అందుకే యూనిట్ కరెంటు తీసుకుని రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. న్యూ ఇంగ్లండ్ చలికి సీజన్ మొత్తం మీద 2.7 రెట్లు అని పెట్టుకున్నాను.

కింద ఉన్నవి ఉదాహరణ ధరలు. మీ బిల్లులో ఉన్నవి పెట్టుకుని మళ్లీ లెక్క వేసుకోండి.

| దేనితో | ధర | సామర్థ్యం | ఇంట్లోకి వచ్చే 10 లక్షల బీటీయూల ఖర్చు |
|---|---|---|---|
| నేచురల్ గ్యాస్ | థర్మ్ (లక్ష బీటీయూలు) 1.80 డాలర్లు | 95% | 19 డాలర్లు |
| హీట్ పంపు | యూనిట్ 28 సెంట్లు | 2.7 రెట్లు | 30 డాలర్లు |
| ఆయిల్ | గ్యాలన్ 3.75 డాలర్లు | 85% | 32 డాలర్లు |
| ప్రొపేన్ | గ్యాలన్ 3.00 డాలర్లు | 95% | 34.50 డాలర్లు |
| మామూలు కరెంటు బేస్‌బోర్డ్ (గోడ అడుగున ఉండే హీటర్) | యూనిట్ 28 సెంట్లు | 100% | 82 డాలర్లు |

చలికాలం మొత్తానికి 6 కోట్ల బీటీయూలు కావలసిన ఇల్లు అనుకుందాం. ఈ ధరలకు ప్రొపేన్ దాదాపు 690 గ్యాలన్లు పడుతుంది, 2,070 డాలర్లు. ఆయిల్ అయితే 1,900 పైన, హీట్ పంపు 1,800 పైన. ఆ 690 గ్యాలన్లంటే ఎంతో మన లెక్కలో చెప్పాలంటే, ఊళ్లో వంటింటికి వచ్చే 14.2 కిలోల సిలిండర్లు 90కి పైనే. ఒక్క చలికాలంలో.

ఈ లెక్కను గుర్తు పెట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. ప్రొపేన్ ధరను 1.35తో గుణించండి. ఆయిల్ ధర అంతకంటే తక్కువైతే ఆయిల్ మేలు, ఎక్కువైతే ప్రొపేన్ మేలు. ప్రొపేన్ 3 డాలర్లుంటే ఆయిల్ 4.05 దాటేదాకా ఆయిలే చవక. హీట్ పంపుకైతే ప్రొపేన్ ధరను 9.4తో భాగించండి, 3 డాలర్లకు దాదాపు 32 సెంట్లు వస్తుంది. మీ కరెంటు యూనిట్ అంతకంటే తక్కువకు వస్తుంటే హీట్ పంపు గెలిచినట్టే. కరెంటు రేటు చూసేటప్పుడు సప్లై ఛార్జీ ఒక్కటే చూడకండి. డెలివరీ ఛార్జీతో కలిపి మొత్తం బిల్లును యూనిట్లతో భాగించండి. అసలు రేటు అదే.

ఇంతవరకూ కాగితం మీద మూడింటికీ మరీ పెద్ద తేడా లేదు. అసలు తేడా ట్యాంకు దగ్గర వస్తుంది, నేను గట్టిగా చెప్పదలచుకున్నదీ అదే. ప్రొపేన్ ఇంట్లో మీ బిల్లును తేల్చేది మార్కెట్ కంటే ముందు ట్యాంకు ఎవరిదన్న విషయం.

పెరట్లో కనిపించే ఆ తెల్ల ట్యాంకు ఎక్కువ ఇళ్లలో ఇంటివాళ్లది కాదు, గ్యాస్ డీలర్‌ది. లీజుకు ఉంటుంది. భద్రతా నిబంధనల ప్రకారం ట్యాంకు యజమాని అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని నింపకూడదు, చాలా రాష్ట్రాల చట్టాల్లోనూ ఇదే ఉంది. కాబట్టి పక్క డీలర్ గ్యాలన్‌కు డాలర్ తక్కువకు ఇస్తానన్నా మీరు కొనలేరు. ఆ డాలర్ విలువ మన ఉదాహరణ ఇంట్లో ఏడాదికి 690 డాలర్లు. మొదటి ఏడాది ఆకర్షణీయమైన రేటు ఇచ్చి, రెండో ఏడాది మెల్లగా పెంచుకుంటూ పోవడం ఈ వ్యాపారంలో బాగా ఉన్నదే. నాకు తెలిసిన ఒక ఇంటి బిల్లు తీసి చూస్తే గ్యాలన్ రేటు కింద ట్యాంకు అద్దె, డెలివరీ ఫీజు, ప్రమాదకర సరుకు ఫీజు, ఫ్యూయల్ సర్‌ఛార్జి అని విడివిడిగా నాలుగు వరుసలున్నాయి. ఇద్దరు డీలర్లను పోల్చేటప్పుడు అవన్నీ కలిపిన మొత్తాన్ని గ్యాలన్లతో భాగించి పోల్చాలి. ఫోన్‌లో చెప్పే రేటుతో పోలిస్తే ఏమీ తేలదు.

సొంత ట్యాంకు ఉంటే పరిస్థితే వేరు. ముగ్గురు నలుగురికి ఫోన్ చేసి, ఎవరు తక్కువకు ఇస్తే వాళ్ల దగ్గర నింపించుకోవచ్చు. ట్యాంకు కొనడానికి, భూమిలో పెట్టించడానికి కొన్ని వేల డాలర్లు అవుతుంది. కానీ ప్రొపేన్‌తోనే ఇల్లంతా వేడి చేసుకుంటూ అక్కడే పదేళ్లు ఉండబోతున్నవాళ్లకు అది తిరిగొచ్చే డబ్బు. ఇంకో సంగతి: 500 గ్యాలన్ల ట్యాంకులో 400కు మించి పట్టించరు. ఎండకు ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి 80 శాతం దగ్గర ఆపేస్తారు. ట్యాంకు మీది మూత ఎత్తితే చిన్న డయల్ ఉంటుంది, అందులోని అంకెలు శాతాలు, గ్యాలన్లు కావు. ముల్లు 30 దగ్గరికి రాగానే ఫోన్ చేయడం మంచిది. ట్యాంకు ఖాళీ అయితే లీక్ టెస్టు చేసి గానీ మళ్లీ వెలిగించరు, దానికి వేరే ఛార్జి.

ఆయిల్‌లో ఈ బంధం లేదు. బేస్‌మెంట్‌లో ఉండే 275 గ్యాలన్ల ట్యాంకు ఇంటితో పాటే వస్తుంది, మీ సొంతం. లారీ ఎవరిదైనా నింపుతుంది. రోజూ ధరలు చూసి, 100 గ్యాలన్లు చాలు అని నగదు ధరకు కొనుక్కునేవాళ్లు ఎంతోమంది. పాత కంపు వ్యవహారమని మనవాళ్లు ఆయిల్‌ను చిన్నచూపు చూస్తారు గానీ, కొనేవాడికి ఇంత స్వేచ్ఛ ప్రొపేన్‌లో ఉండదు. బదులుగా ఏటా సర్వీసింగ్ తప్పనిసరి: నాజిల్, ఫిల్టర్ మార్చాలి, మసి తుడవాలి. అసలు భయం పాత ట్యాంకు కారడం. న్యూ జెర్సీలో పాత ఇళ్లు కొనేటప్పుడు భూమిలో పూడ్చిన ఆయిల్ ట్యాంకు ఉందేమోనని స్కాన్ చేయిస్తారు. కారిన మట్టిని శుభ్రం చేయించే ఖర్చు అంత దారుణంగా ఉంటుంది, మామూలు ఇంటి ఇన్సూరెన్స్ తరచూ దాన్ని భరించదు. పూడ్చిన ట్యాంకు ఉన్న ఇల్లయితే అమ్మేవాళ్ల చేత తీయించకుండా క్లోజింగ్‌కు (ఇల్లు మీ పేరున మారే రోజుకు) వెళ్లకండి.

ధరల నిలకడ విషయంలో రెండూ నమ్మదగ్గవి కావు. 2013 శరదృతువులో అమెరికా మధ్య రాష్ట్రాల్లో మొక్కజొన్న తడిగా కోతకొచ్చింది. గింజలు ఆరబెట్టే డ్రైయర్లు ఎక్కువగా ప్రొపేన్ మీద నడిచేవే, నిల్వలు అక్కడే కరిగిపోయాయి. జనవరిలో ధ్రువపు చలి దిగింది. ఇళ్లకిచ్చే ప్రొపేన్ దేశ సగటు ధర 2014 ఫిబ్రవరి మొదట్లో 4 డాలర్లు దాటింది. మిన్నెసోటా గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించారు. పైప్‌లైన్‌లో ప్రొపేన్‌కు ముందు దారి ఇవ్వమని ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది. మామూలుగా ప్రొపేన్ చవగ్గా దొరికే ప్రాంతమే అప్పుడు ఎక్కువ దెబ్బతింది. ఆయిల్ వంతు 2022లో వచ్చింది, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత గ్యాలన్ 5 డాలర్లు దాటింది. అక్టోబర్ నుంచి మార్చి దాకా అమెరికా ప్రభుత్వ ఎనర్జీ ఇన్ఫర్మేషన్ అడ్మినిస్ట్రేషన్ ఈ రెండింటి ఇంటి ధరలనూ వారం వారం రాష్ట్రాలవారీగా ప్రకటిస్తుంది. మీ డీలర్ రేటు రాష్ట్ర సగటుకు ఎంత దూరంలో ఉందో అక్కడ తెలిసిపోతుంది. చాలా ఎక్కువ ఉంటే ఆ అంకె చూపించి బేరమాడండి, తగ్గించేవాళ్లున్నారు.

ప్రొపేన్ టోకు ధర తేలేది టెక్సస్‌లోని మాంట్ బెల్వ్యూలో. అక్కడ భూమి అడుగున ఉప్పు పొరల్లో తొలిచిన గుహల్లో నిల్వ చేస్తారు. 2026కు అమెరికా నుంచి 22 లక్షల టన్నుల ఎల్పీజీ కొనడానికి మన దేశపు ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు చేసుకున్న ఒప్పందానికీ ఆ మాంట్ బెల్వ్యూ ధరే కొలబద్ద. అంటే ఇక్కడ మన పెరటి ట్యాంకు ధరకూ, అక్కడ అమ్మవాళ్లింటి సిలిండర్‌కూ ఇప్పుడు ఒక చుట్టరికం కుదిరింది. సరుకు మాత్రం పూర్తిగా ఒకటి కాదు. మన సిలిండర్‌లో బ్యూటేన్ కూడా కలుస్తుంది. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. అందుకే మంచులో బయట పెట్టే ట్యాంకులో ప్రొపేనే ఉండాలి.

ఇక హీట్ పంపు. చలి దేశంలో ఏసీ యంత్రం ఇల్లు వేడి చేస్తుందా అని అనుమానించేవాళ్లు ఇంకా ఉన్నారు. చలి ప్రాంతాల కోసం చేసిన మోడళ్లు మైనస్ 15 ఫారెన్‌హీట్‌లోనూ పనిచేస్తాయి. అయితే చలి పెరిగేకొద్దీ ఆ 2.7 రెట్లు రెండుకు దగ్గర పడతాయి, ఖర్చు పెరుగుతుంది. ఆ కొద్ది రోజులకు పాత ఫర్నేస్‌ను తోడు ఉంచుకోవడమే నాకు సబబుగా అనిపిస్తుంది. పెట్టుబడి ఎక్కువన్నది నిజం. 2,000 డాలర్ల దాకా ఉన్న ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ కూడా 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది. రాష్ట్రాల రిబేట్లు వేరే ఉన్నాయి. మసాచుసెట్స్‌లో 2025 నవంబర్ నుంచి హీట్ పంపు ఉన్న ఇళ్లకు చలికాలపు డెలివరీ ఛార్జీ తగ్గించారు, దాంతో లెక్క ఇంకా అనుకూలంగా మారింది. కరెంటు చవగ్గా ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే రెండో ఆలోచనే అక్కర్లేదు.

కరెంటు పోతే? ఫర్నేస్‌కు బ్లోయర్, బాయిలర్‌కు పంపు కావాలి, కాబట్టి మూడూ ఆగిపోతాయి. కాకపోతే ప్రొపేన్ ఉన్న ఇంట్లో అదే ట్యాంకుతో నడిచే జనరేటర్ పెట్టుకోవచ్చు. కొన్ని రకాల గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లు కరెంటు లేకుండానే వెలుగుతాయి. చలికాలంలో పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చి ఉండే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ప్రొపేన్ గాలికంటే బరువు, లీకైతే బేస్‌మెంట్‌లో నేల మీద పేరుకుంటుంది. గ్యాస్ లీకు డిటెక్టర్ కింది భాగంలో పెట్టించండి. గోడలోంచి బయటికొచ్చే పొగ పైపులను మంచు కప్పేస్తే ఇంట్లోకి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. మంచు పడ్డ ప్రతిసారీ డ్రైవ్‌వేకంటే ముందు వాటి దగ్గర తవ్వండి.

మనవాళ్లు ప్రొపేన్ వైపు మొగ్గడానికి అసలు కారణం పొయ్యి. పోపు వేగడానికీ, పుల్కా పొంగడానికీ మంట కావాలి. ఆ కోరిక న్యాయమైనదే. కానీ పొయ్యి కోసమే ట్యాంకు పెట్టిస్తే గ్యాలన్ రేటు బాగా ఎక్కువ పడుతుంది, ఎందుకంటే ఏడాదికి ఎంత వాడితే అంత తక్కువ రేటు అన్నది డీలర్ల పద్ధతి. వంటకు వాడేది కొద్ది గ్యాలన్లే కాబట్టి మొత్తం బిల్లు భరించగలిగినంతే ఉంటుంది. ఆ పొయ్యి సాకుతో ఇల్లంతా వేడి చేసే పని కూడా ప్రొపేన్‌కు అప్పగించడమే నష్టం.

కాబట్టి నా మాట ఇది. ఆయిల్ బాయిలర్ బాగా నడుస్తున్న ఇంట్లో దాన్ని పీకి ప్రొపేన్ పెట్టించొద్దు, ఆ డబ్బు గోడల ఇన్సులేషన్‌కూ, ఒకటి రెండు గదులకు మినీ స్ప్లిట్‌కూ (డక్టులు లేకుండా గదికి పెట్టే హీట్ పంపు) పెట్టండి. ప్రొపేన్ ఫర్నేస్, డక్టులు ఉన్న ఇంట్లో ఏసీ మార్చే సమయం వచ్చినప్పుడు ఏసీ బదులు హీట్ పంపు వేయించి, ఫర్నేస్‌ను గడ్డకట్టే రోజులకు ఉంచుకోండి. కరెంటు బేస్‌బోర్డ్ ఉన్న ఇల్లయితే ఎంత త్వరగా మారిస్తే అంత మంచిది.

ప్రొపేన్ ఇల్లే కొంటున్నారా? ఆఫర్ పెట్టేముందు అమ్మేవాళ్లను ట్యాంకు ఎవరిదో, లీజు కాగితంలో గడువు ఎంతో, మధ్యలో మానేస్తే ట్యాంకు తీసే ఖర్చు ఎవరిదో అడగండి. గత రెండేళ్ల డెలివరీ రసీదులు తీసుకోండి. ట్యాంకులో మిగిలిన గ్యాస్‌కు క్లోజింగ్ రోజు డబ్బు అడుగుతారు, డయల్ ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చే చలికాలానికి ధర ఖాయం చేసుకునే ఒప్పందాలు వేసవిలో దొరుకుతాయి. అందులో ముందే డబ్బు కట్టేదానికంటే, ధర పెరగకుండా పైహద్దు పెట్టి, మార్కెట్ తగ్గితే తగ్గించే రకానికే నా ఓటు, కొంచెం ఫీజు ఎక్కువైనా సరే.