పొడుగు నోటుబుక్కు, ఫోన్ క్యాలెండర్: అకౌంట్స్ సీట్లో నాలుగేళ్లు వాడాక

200 పేజీల రూళ్ల లాంగ్ నోటుబుక్కు ఒకటి, ఫోన్‌తో పాటే వచ్చే మామూలు క్యాలెండర్ ఒకటి. ఒక మధ్యస్థాయి కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో నెల పని నడపడానికి నాలుగేళ్లుగా వాడుతున్నది ఈ రెండే. ఇంకే యాప్ లేదు. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో కింద ఉంది.

మాలో చాలామంది క్యాలెండర్‌లో గడువు తేదీలు మాత్రమే రాసుకుంటారు. 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసిన ఆదాయపు పన్ను), 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల బిల్లుల రిటర్న్), 15న పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల భవిష్య నిధి, ఆరోగ్య బీమా), 20న జీఎస్టీఆర్-3బీ (నెల పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్). ఈ తేదీలు అకౌంట్స్ వాళ్లని నిద్రలో లేపి అడిగినా చెప్తారు, వీటికి ఫోన్ అలారం అక్కర్లేదు. గుర్తుచేయాల్సింది పని మొదలుపెట్టే రోజు. దానికంటే ముందు, ఏ కాగితం ఎవరిని అడగాలో ఆ రోజు. ఈ పద్ధతికి ప్రాణం అంతా ఇందులోనే ఉంది.

జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ సంగతే చూడండి, అంటే కొనుగోళ్ల మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం. సప్లయర్లు చూపిన బిల్లుల ప్రకారం మనకొచ్చే క్రెడిట్ పట్టిక, జీఎస్టీఆర్-2బీ, 14వ తేదీన తయారవుతుంది. అందులో ఒక సప్లయర్ బిల్లు లేదని 16న చూసి ఫోన్ చేస్తే ఏం లాభం? ఆయన తన జీఎస్టీఆర్-1ని 11లోపు వేయలేదు కాబట్టి బిల్లు రాలేదు. ఇక అది వచ్చే నెల 2బీలోనే. అంటే ఫోన్ చేయాల్సిన రోజు 16 కాదు, 8 గానీ 9 గానీ. అందుకే నా క్యాలెండర్‌లో ప్రతి నెలా 8న ఉదయం 10 నుంచి 10:30 వరకు "సప్లయర్లకు ఫోన్లు" అని ఒక బ్లాక్ ఉంటుంది. ముందు పెద్ద మొత్తం బిల్లులవాళ్లు, తర్వాత క్రితం నెల ఆలస్యం చేసినవాళ్లు. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే చిన్న సప్లయర్లుంటే ఐఎఫ్ఎఫ్‌లో (అలాంటివాళ్లు మధ్య నెలల్లో బిల్లులు చూపించే సదుపాయం) బిల్లు ఎక్కించమని అడగాలి, దానికి గడువు 13. అరగంటలో పది పన్నెండు కాల్స్ అయిపోతాయి. 16న కూర్చుని తల పట్టుకునే రెండు గంటలు మిగులుతాయి.

టీడీఎస్ కూడా ఇంతే. ఒక్క రోజు ఆలస్యమైతే ఏముందిలే అనుకుంటారు. మే నెలలో కోసిన 40,000 రూపాయలు జూన్ 7 దాటి 8న కట్టారనుకోండి. నెలకు 1.5 శాతం వడ్డీ, కోసిన తేదీ నుంచి లెక్క, నెలలో కొంత భాగమైనా పూర్తి నెల కిందే వస్తుంది. మే, జూన్ కలిపి 3 శాతం, 1,200 రూపాయలు. ఒక్క రోజుకి! కాబట్టి టీడీఎస్ బ్లాక్ 4న గంటన్నర, చలాన్ కట్టడం 5న. మధ్యలో 6 ఖాళీ. ఆ ఖాళీ రోజును ఇంకో పనికి ఇచ్చేయకండి. బ్యాంక్ సైటు మొరాయించినా, సంతకం పెట్టాల్సినవాళ్లు ఊళ్లో లేకపోయినా ఆదుకునేది ఆ రోజే.

క్యాలెండర్‌లో రెండు రంగులు చాలు. గడువులన్నీ ఎరుపు, రోజంతా ఉండే ఎంట్రీలుగా పైన ఉంటాయి. పని బ్లాకులు ఆకుపచ్చ, గంటలతో సహా. ఏడెనిమిది రంగులు పెట్టి చూశాను, వారం తిరక్కుండానే ఏది దేనికో గుర్తుండదు. బ్లాక్ పేరు క్రియతో రాయాలి. "జీఎస్టీ" అని రాస్తే ఆ టైమ్ వచ్చాక ఏం చేయాలో మళ్లీ ఆలోచించాలి. "సేల్స్ రిజిస్టర్, ఇన్‌వాయిస్ నంబర్ల వరుస సరిచూడు" అని రాస్తే చెయ్యి నేరుగా ఫైల్ మీదికి పోతుంది.

ఒకసారి పెడితే ప్రతి నెలా అదే వస్తుందిలే అని వదిలేస్తే దెబ్బతింటారు. మార్చిలో కోసిన టీడీఎస్‌కి గడువు ఏప్రిల్ 7 కాదు, ఏప్రిల్ 30. దాన్ని విడిగా పెట్టుకోవాలి. నెలాఖరు పనిని "ప్రతి నెలా 31" అని పెడితే చాలా క్యాలెండర్లు 30 రోజుల నెలల్ని, ఫిబ్రవరిని ఎగరగొట్టేస్తాయి, ఆ నెలల్లో ఎంట్రీయే కనపడదు. 28 అని పెట్టుకుంటే గొడవ లేదు. ఇక ఆదివారాలు, పండుగలు క్యాలెండర్ తనంతట తాను చూసుకోదు. జనవరి మరీ కష్టం. 11 గడువు సంక్రాంతికి కాస్త ముందు, 15 గడువు ఆ మూడు రోజుల్లోనే పడతాయి, ఆ వారం సగం ఆఫీసు ఊళ్లలోనే ఉంటుంది. జనవరి బ్లాకులన్నీ వారం ముందే పెట్టుకోవాలి, డిసెంబర్ సేల్స్ బిల్లులు 3లోపు మూసేయమని బిల్లింగ్ వాళ్లకి డిసెంబర్ 20కే చెప్పాలి. అందుకే ప్రతి నెలా 25న ఇరవై నిమిషాలు "వచ్చే నెల సర్దు" అని ఒక బ్లాక్ ఉంటుంది. దీన్ని వదిలేసిన నెల మిగతా బ్లాకులన్నీ దండగే.

ఇప్పుడు నోటుబుక్కు. పని దినానికి ఒక పేజీ. నెలకు 25 పనిరోజుల చొప్పున 200 పేజీల పుస్తకం ఎనిమిది నెలలు వస్తుంది. కొత్త సంవత్సరానికి ఎవరో ఒకరు ఇచ్చే తేదీల డైరీ కూడా వాడి చూశాను. ఆదివారాల పేజీలు వృథా, సైజు చిన్నది, పైగా మార్చి నెలలో ఒక్క రోజుకి రెండు పేజీలు కావాలంటే దొరకవు. రూళ్ల పుస్తకమే మేలు.

పేజీలో కుడివైపు మూడో వంతు దగ్గర నిలువు గీత కొట్టాలి. ఎడమవైపు పైన మూడు పెద్ద పనులు, ఒక్కోదాని పక్కన అంచనా నిమిషాలు. కింద చిన్న పనులు. అట్టడుగున నాలుగు లైన్లు "ఊడిపడ్డవి" కోసం వదిలేయాలి. కుడివైపు గడి మొత్తం "రావలసినవి". 9వ తేదీ పేజీ ఒకటి ఇలా ఉంటుంది:

జీఎస్టీఆర్-1, సేల్స్ రిజిస్టర్‌తో సరిచూడటం: 90, పట్టింది 130
బ్యాంక్ రీకన్సిలియేషన్ (మన పుస్తకాల్ని బ్యాంకు లెక్కతో సరిపోల్చడం), కరెంట్ ఖాతా: 75, పట్టింది 80
పీఎఫ్ ఫైల్ తయారీ: 45, పట్టింది 40
చిన్నవి: ప్రొఫెషన్ ట్యాక్స్ చలాన్, రెండు ఎక్స్‌పెన్స్ క్లెయిమ్‌లు, ఆడిటర్ గారి మెయిల్‌కి జవాబు: అన్నీ కలిపి 60
ఊడిపడ్డవి: ఈ-వే బిల్లు 20, ఎండీ గారికి బకాయిల లిస్టు 50
రావలసినవి: స్టోర్స్ నుంచి మూడు జీఆర్ఎన్‌లు (సరుకు అందినట్టు రాసే రసీదులు), 5న అడిగాను, మళ్లీ అడగాల్సింది 9న

అంచనాలన్నీ కూడితే 270 నిమిషాలు. ఎనిమిది గంటల డ్యూటీ అంటే 480 నిమిషాలు కదా అని 480కి పని రాసుకుంటే సాయంత్రానికి సగం మిగిలిపోయి తీరుతుంది. నా లెక్కలో 300 నిమిషాలు పైకప్పు, నెలాఖరు వారంలో 240. మిగతా సమయం ఎటు పోతుందో "ఊడిపడ్డవి" లైన్లు చూస్తే తెలుస్తుంది. లారీ లోడై గేటు దగ్గర నిలబడి ఉంటే టైమ్ బ్లాక్‌కి విలువ లేదు, ఈ-వే బిల్లు తీయాల్సిందే. అలాంటి పని వస్తుందో రాదో అన్న అనుమానం పెట్టుకోవద్దు. వస్తుందనే లెక్కతో చోటు వదలాలి.

"పట్టింది" అన్న అంకె రాయడం మాత్రం బద్ధకించకండి. మొదటి నెల దాదాపు ప్రతి అంచనా తప్పుతుంది. గంట అనుకున్నది గంటన్నర పడుతుంది. మూడు నెలలు రాశాక ఏ పనికి ఎంతో నిజమైన అంకెలు చేతికొస్తాయి. అప్పుడిక పై వాళ్లతో మాట కూడా మారుతుంది. "సార్, బాగా బిజీగా ఉన్నాను" అంటే ఎవరూ వినరు. పేజీ ముందు పెట్టి "సార్, మీరు చెప్పిన రిపోర్టుకి రెండు గంటలు పడుతుంది. ఈరోజే కావాలంటే ఈ మూడింట్లో ఏది రేపటికి పెట్టమంటారు?" అంటే ఆయనే ఒకటి చూపిస్తారు. చాలాసార్లు "సరే, రేపు మధ్యాహ్నానికి ఇవ్వండి" అని తేలుతుంది. ఈ మాట మొహం చిట్లించుకుని అంటే పనికిరాదు, మామూలు గొంతుతో అనాలి.

కుడివైపు గడి ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. అకౌంట్స్‌లో ఆలస్యాల్లో ఎక్కువ భాగం మన చేతిలో ఉండవు. స్టోర్స్ నుంచి జీఆర్ఎన్, హెచ్ఆర్ నుంచి హాజరు షీట్, బ్రాంచి నుంచి పెట్టీ క్యాష్ వోచర్లు, డైరెక్టర్ గారి ఫోన్‌కి వచ్చే ఓటీపీ, ఆడిటర్ గారి ఆఫీసులో ఉన్న డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్. ప్రతిదానికీ నాలుగు విషయాలు రాయాలి: ఎవరు, ఏమిటి, ఎప్పుడు అడిగాను, మళ్లీ ఎప్పుడు అడగాలి. ఈ నాలుగోది లేకపోతే గడి మొత్తం ఉత్త ఫిర్యాదుల పట్టీ అయిపోతుంది. అందక మిగిలినవి సాయంత్రం మర్నాటి పేజీకి చేత్తో మళ్లీ రాయాలి. ఫోన్‌లో అయితే ఒక్క వేలితో పక్క రోజుకి జరిపేస్తాం, ఇరవైసార్లు జరిపినా బాధ తెలియదు. చేత్తో మూడోసారి రాస్తున్నప్పుడు మాత్రం చెయ్యే ఒప్పుకోదు, లేచి స్టోర్స్‌కి నడుస్తాం. కాగితం వాడటానికి నాకున్న అసలు కారణం ఇది.

డీఎస్‌సీ గడువు తీరే తేదీ క్యాలెండర్‌లో 30 రోజుల ముందు పడేలా పెట్టుకోండి. 20వ తేదీ సాయంత్రం టోకెన్ పెట్టి చూస్తే ఎక్స్‌పైర్ అయిందని తెలియడం కంటే నరకం లేదు. 3బీ ఆలస్యానికి రోజుకి 50 రూపాయల ఫీజు, పన్ను బాకీ ఉంటే దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. నా బ్లాకుల్లో 3బీ 18నే అయిపోతుంది. గడువు రోజు సాయంత్రం పోర్టల్ మీద అందరూ ఒకేసారి పడతారు, అది నెమ్మదిస్తుంది.

ఇరవై అయిదు నిమిషాల పని, అయిదు నిమిషాల విరామం అనే పొమొడోరో పద్ధతిని కూడా దీనికి కలిపి చూశాను. వోచర్ ఎంట్రీకి, ఫైలింగ్‌కి చక్కగా కుదురుతుంది. రీకన్సిలియేషన్‌కి కుదరదు. 270 రూపాయల తేడా వచ్చిందనుకోండి. 9తో భాగిస్తే శేషం లేకుండా పోతుంది కాబట్టి ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని అనుమానం వస్తుంది, 1,850 బదులు 1,580 పడి ఉంటుంది. అది కాకపోతే 135 రూపాయల ఎంట్రీ ఏదైనా డెబిట్‌కి బదులు క్రెడిట్‌లో పడిందేమో చూస్తాం. ఈ వెతుకులాట మధ్యలో గంట మోగితే తీగ తెగిపోతుంది, మళ్లీ మొదటి లైన్ నుంచి రావాలి. అలాంటి పనికి 75 నుంచి 90 నిమిషాలు ఏకబిగిన కావాలి. సప్లయర్లకు ఫోన్లు చేసే 8వ తేదీ మినహా, ఉదయం 10 నుంచి 11:30 నాకు అందుకే ఉంది. ఫోన్ సైలెంట్‌లో, బోర్లించి. వాట్సాప్ గ్రూపులు 11:30కి ఒకసారి, 3కి ఒకసారి, 5:30కి ఒకసారి. "ఇప్పుడే కావాలా మేడం, మధ్యాహ్నం లోపలా?" అని అడిగితే పదిలో ఏడెనిమిది మధ్యాహ్నానికే వెళ్తాయి.

పోయిన మార్కు విషయానికి వస్తాను. సాయంత్రం పదిహేను నిమిషాలు దీనికే ఖర్చవుతాయి, అలసిపోయిన రోజు ఆ పదిహేను నిమిషాలు కొండలా కనిపిస్తాయి. ఒక్క రోజు రాయకపోతే పర్వాలేదు, మూడు రోజులు రాయకపోతే రావలసినవి గడి నమ్మదగ్గది కాదు, అందరినీ మొదటి నుంచి అడగాలి. ఇంకో లోపం ఇంతకంటే పెద్దది: మనం సెలవు పెడితే మన పుస్తకం పక్క సీటు వాళ్లకి అర్థం కాదు. పొడి అక్షరాలు, అడ్డదిడ్డమైన బాణం గుర్తులు. పెద్ద సెలవుకి ముందు రావలసినవి గడిని టైప్ చేసి పంపడం తప్ప దారి లేదు. జీతాల అంకెలు, పాస్‌వర్డ్‌లు ఇందులో రాయకూడదు, నలుగురికీ కనపడే క్యాలెండర్‌లో అసలే రాయకూడదు. రోజంతా కౌంటర్‌లో కూర్చునేవాళ్లకి, కస్టమర్ కాల్స్ తీసుకునేవాళ్లకి ఈ బ్లాకుల పద్ధతి దాదాపు పనికిరాదు. వాళ్ల సమయం వాళ్ల చేతిలో ఉండదు, కుడివైపు గడి మాత్రం ఉపయోగపడుతుంది.

మొదలుపెట్టేవాళ్లు 1వ తేదీ కోసం ఆగొద్దు, ఆ వారం జీతాలతోనే సరిపోతుంది. 21న మొదలుపెట్టండి. 3బీ అయిపోయి ఉంటుంది, నెలలో కాస్త ఊపిరి తీసుకునే నాలుగు రోజులు అవే. మొదటి వారం కుడివైపు గడి ఒక్కటే రాయండి, నిమిషాల లెక్క రెండో వారం నుంచి. నిండిన పుస్తకాన్ని పారేయకుండా సొరుగులో ఉంచి, మార్చి 20 నుంచి ఏప్రిల్ 30 వరకు ఉన్న పేజీలకి ఒక రబ్బర్ బ్యాండ్ వేయండి. వచ్చే ఏడాది క్లోజింగ్‌కి స్టాక్ లిస్టు ఎవరిని ఏ తేదీన అడగాలో, ఎన్నిసార్లు అడిగితే వచ్చిందో ఆ పేజీల్లోనే ఉంటుంది.