ఛైర్మన్, ఎండీ ఒకరేనా, ఇద్దరా? ఏది మేలు?

కంపెనీని పెట్టిన ప్రమోటరే ఛైర్మన్, ఆయనే మేనేజింగ్ డైరెక్టర్ (ఎండీ). మన కంపెనీల్లో అలవాటైన ఏర్పాటే ఇది. లాభం లేదని అనలేం. నష్టాల డివిజన్ మూసేయాలన్నా, కొత్త ప్లాంటు పెట్టాలన్నా వారంలో తేలిపోతుంది. సొంత డబ్బు పెట్టి నడిపే చిన్న కంపెనీకి మొదట్లో ఇదే నయం.

షేర్లు అమ్మి జనం డబ్బు తెచ్చుకున్నాకే చిక్కు. ఎండీ పనితీరును తూచాల్సింది బోర్డు. ఆ బోర్డు అజెండా ఖరారు చేసేది, చర్చ నడిపించేది ఛైర్మన్. ఇద్దరూ ఒకరే అయితే తన పరీక్షకు తనే ప్రశ్నపత్రం రాసుకున్నట్టు.

మరి కుర్చీలు రెండు చేస్తే చాలా? చాలదు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లో కుర్చీలు రెండే: రామలింగరాజు ఛైర్మన్, తమ్ముడు రామరాజు ఎండీ. బోర్డులో మాజీ కేబినెట్ కార్యదర్శి, హార్వర్డ్ ప్రొఫెసర్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) డీన్ కూడా ఉన్నారు. రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి 2008 డిసెంబరు 16న ఆ బోర్డే సరేనంది. ఇన్వెస్టర్లు తిరగబడితే గంటల్లో వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రాజు రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లోని 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు ఉత్తవే.

అంత పెద్ద అంకె ఎలా నిలబడింది? డిపాజిట్ ఉందని ధ్రువీకరించే లేఖ బ్యాంకు నుంచి నేరుగా ఆడిటర్‌కు చేరాలి. ఇక్కడ ఆ లేఖల వ్యవహారం కంపెనీ చేతుల్లోనే నడిచింది. ‘ఈ కాగితం ఎవరి చేతుల మీదుగా వచ్చింది?’ అని బోర్డు తరఫున లెక్కలు చూసే ఆడిట్ కమిటీలో ఒక్కరు గట్టిగా పట్టుబట్టి ఉంటే కథ ముందే బయటపడేది. రాజు మృదుభాషి, 108 అంబులెన్సుల వెనకున్న మనిషి. అంత మంచి పేరున్న మనిషిని బ్యాంకు కాగితం అడగడానికి ఎవరికైనా నోరు రాదు.

అందుకే నా ఓటు రెండు కుర్చీలకే, కానీ ఆ ఇద్దరికీ చుట్టరికం ఉండకూడదు. కంపెనీల పాలనపై వేసిన కోటక్ కమిటీ సిఫారసు తర్వాత 2018లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ, మార్కెట్ విలువలో టాప్ 500 లిస్టెడ్ కంపెనీలకు సరిగ్గా ఇదే నిబంధన తెచ్చింది. అమలు గడువు 2020 నుంచి 2022 ఏప్రిల్‌కు వాయిదా పడింది. ఆ గడువు రాకముందే, ఫిబ్రవరిలో ‘ఇష్టమైతేనే’ అన్నారు. అలా వదిలేయడం పెద్ద తప్పు.

స్వభావాలూ వేరుగా ఉండాలి. ఎండీకి దూకుడు కావాలి. ఛైర్మన్ అందరి మాటా విన్నాకే నోరు విప్పాలి, జవాబు రాని ప్రశ్నను వచ్చే మీటింగులో మళ్లీ అడగాలి. రిటైరైన ఎండీనే ఆ కుర్చీలో కూర్చోబెడితే డిపార్ట్‌మెంట్ హెడ్‌లు పాత బాస్ గదికే వెళ్తారు, కొత్త ఎండీ మాట చెల్లదు. ఎంత ఖర్చు వరకు ఎవరి సంతకం చెల్లుతుందో మొదటి రోజే రాసిపెట్టుకోవాలి.

కుర్చీ ఒకటే ఉంచుకునే లిస్టెడ్ కంపెనీల బోర్డులో సగం మంది స్వతంత్ర డైరెక్టర్లు, అంటే ప్రమోటర్లతో, యాజమాన్యంతో సంబంధం లేనివాళ్లు, ఉండాలన్నది రూలు. వాళ్లు యాజమాన్యం లేకుండా ఏడాదికి ఒక్కసారైనా కలవాలి. మూడు నెలలకోసారి కలిస్తేనే పని జరుగుతుంది.

షేర్లు కొనేముందు వార్షిక నివేదికలో కార్పొరేట్ గవర్నెన్స్ భాగం తీయండి. డైరెక్టర్ల మధ్య బంధుత్వం, మీటింగుల హాజరు, గడువుకు ముందే తప్పుకున్న స్వతంత్ర డైరెక్టర్లు చెప్పిన కారణాలు అందులోనే ఉంటాయి.